కట్టెలపై పడక, పిత్తపు రుచి

చీనా భాషయందు నాలుగేసి యక్షరములతో నేర్పడిన నానుడులు వేలకొలదిగ గలవు. వానిని ఆ దేశీయులు 'చెంగ్-యూ' లందురు. చీనా వ్రాతలో నొక్కొక్క యక్షర మొక్కొక్క మాటకు నిలుచును గనుక, నాలుగక్షరములనగా నాలుగు మాటలు. ఆ నాలుగు మాటల వెనుక తఱచుగా నొక పురాతన గాథ దాగియుండును. మన భాషలో 'భగీరథ ప్రయత్న' మన్నంత మాత్రమున గంగావతరణ కథ యంతయు శ్రోత మనస్సున మెదలునట్లే, చీనావారికి నాలుగక్షరములు చెవిని బడిన చాలును, గాథ యంతయు కన్నులకు గట్టును. కష్టసహనమును గూర్చి వారికి గల నానుడులలో మిక్కిలి ప్రసిద్ధమైన దానిని గూర్చి నేడు ముచ్చటింప దలచితిని. అది 'వో షిన్ చాంగ్ దాన్' అనునది.

'వో' అనగా పరుండుట. 'షిన్' అనగా కట్టెలు, చితుకులు. 'చాంగ్' అనగా రుచి చూచుట. 'దాన్' అనగా పిత్తకోశము. కట్టెలపై పరుండుట, పిత్తమును రుచి చూచుట అని మొత్తముమీద నర్థము. చేపను శుభ్రము చేయునప్పుడు పిత్తకోశము చిట్లినచో కూర యంతయు చేదెక్కి పోవునని వంట యెఱిగిన వారందఱకు దెలియును. అట్టి చేదును కోరి నాలుకపై బెట్టుకొనువా డెవడు? మెత్తని పఱుపుండగా కట్టెలపై మేను వాల్చువా డెవడు? ఈ ప్రశ్నలోనే నానుడి ప్రాణ మున్నది. తప్పనిసరియై పడిన కష్టమును గూర్చి యిది చెప్పదు. కష్టము గడచిపోయిన పిదప, దానిని మఱవకుండుటకై మనుజుడు తనంతట తాను కల్పించుకొన్న కష్టమును గూర్చి చెప్పును.

ఇక గాథ వినుడు. నేటికి సుమారు 2500 ఏండ్లకు పూర్వము, కన్‌ఫ్యూషియస్ మహాశయుడు జీవించియుండిన కాలమున, చీనా దేశము పెక్కు రాజ్యములుగా విడిపోయి యుండెను. యాంగ్‌ట్సీ నది సముద్రమున గలియు ప్రాంతమునకు చేరువను రెండు రాజ్యములుండెడివి. ఒకటి వూ రాజ్యము. దాని రాజధాని నేటి సూజో నగరమున్న చోట నుండెను. రెండవది దానికి దక్షిణమున నున్న యూయె రాజ్యము; దాని రాజధాని నేటి షావ్‌షింగ్ నగర ప్రాంతమున నుండెను. ఇరుగుపొరుగు రాజ్యములకు సహజమైన వైరము వీనికిని గలదు.

క్రీ. పూ. 496లో యూయె రాజు మరణించి, అతని కుమారుడు గౌజియన్ సింహాసన మెక్కెను. పొరుగింట దుఃఖము కలిగినది, దండెత్తుట కిదియే యదనని వూ రాజైన హెలూ బయలుదేఱెను. గౌజియన్ అతనిని విచిత్రమైన యుక్తితో నెదిరించెను. చావునకు సిద్ధపడిన వారిని మూడు వరుసలుగా ముందునకు బంపెను. వారు వూ సైన్యము చూచుచుండగనే తమ కుత్తుకలు తామే కోసికొనిరి. ఆ ఘోరమును జూచి శత్రు సైనికులు నిశ్చేష్టులై నిలువగా యూయె సేనలు వారిపై బడి చెల్లాచెదరు గావించెను. హెలూకు గాయము తగిలి, అందువలననే ప్రాణములు పోయెను. పోవుచు నతడు తన కుమారుడు ఫూచాయ్‌తో, ఈ పగను మఱవవలదని చెప్పిపోయెను.

ఫూచాయ్ మఱువలేదు. మఱవకుండుట కతడొక యేర్పాటు చేసికొనెను. రాజభవన ప్రాంగణమున నొక మనుష్యుని నిలిపి, తాను వచ్చునప్పుడును పోవునప్పుడును, నీ తండ్రిని జంపినవా డెవడో జ్ఞప్తి యున్నదా యని నిలువదీసి యడుగుమని నియమించెను. అడిగిన ప్రతి పర్యాయమును అతడు మఱువలేదని వినయముతో బదులు చెప్పుచుండెను. ఈ వృత్తాంతము 'ద్స్వో జ్వాన్' అను ప్రాచీన చరిత్ర గ్రంథమున గలదు. మన పురాణ కావ్యములలో ద్రౌపది విరియబోసికొనిన కురులను, చాణక్యుడు ముడివేయక వదలిన శిఖను ఇట సోదరులు స్మరింప వచ్చును. మనస్సునకు మఱపు సహజము గనుక, దానిని దన్ని లేపుటకు దేహముపై నొక గుర్తునో, చెవికొక మాటనో తగిలించుట మనుష్యజాతికంతకును సామాన్యమైన పద్ధతి.

మూడవ యేట, అనగా క్రీ. పూ. 494లో, ఫూచాయ్ సైన్యమును సిద్ధము చేయుచుండెనని విని గౌజియన్ తానే ముందుగా దండెత్తెను. ఫాన్ లీ అను మంత్రి వలదన్నను వినలేదు. ఫలితముగా నోడిపోయి, మిగిలిన 5000 మందితో క్వాయ్‌జీ కొండపై జిక్కుకొనెను. కొండ చుట్టును శత్రు సైన్యము నిలిచెను. అప్పుడు వెన్ జోంగ్ అను నింకొక మంత్రి రాయబారియై పోయి, వూ రాజునకు ముఖ్యుడైన బో పీ అను నధికారికి కానుకలిచ్చి వశపఱచుకొని, సంధి కుదిర్చెను. వూ జిషు అను వృద్ధ మంత్రి ఈ సంధిని శక్తికొలది నడ్డగింప జూచెను. చేత జిక్కిన శత్రువును విడిచినచో వాడొకనాడు వూ రాజ్యమును బాడు పెట్టునని యతని వాదము. విజయముతో దృప్తి జెందిన ఫూచాయ్ చెవికి ఆ మాట యెక్కలేదు.

సంధి యనగా నామమాత్రము, నిజమునకు దాస్యమే. గౌజియన్ వూ రాజ్యమునకు బోయి సేవకుడై యుండెను. ఫూచాయ్ గుఱ్ఱమునకు ముందు తాను కాలినడకను బోయెనని 'గ్వో యూ' అను గ్రంథము చెప్పుచున్నది. హాన్ వంశ కాలమున జావ్ యే రచించిన 'వూ యూయె చున్ చ్యూ' అను గ్రంథము, ఈ కథకు మఱికొన్ని చిత్రములు చేర్చినది. ఫూచాయ్ జబ్బుపడినప్పుడు, వ్యాధి నయమగునో కాదో చెప్పుటకై గౌజియన్ అతని మలమును సైతము రుచి చూచెనట! ఇది చరిత్రయో కల్పనయో గాని, పిత్తమునకు ముందు ఆ రాజు నాలుక యే రుచి నెఱిగెనో కవి మనకు దెలుపదలచినాడు. ఆ దాసుని వినయమును నమ్మి ఫూచాయ్ కొన్నేండ్లకు అతనిని స్వదేశమునకు బంపివేసెను.

కథలో నసలు ఘట్టమిది. రాజు ఇంటికి జేరెను. కష్టము తీఱెను. భవనమున్నది, పఱుపున్నది, భోజన మున్నది. ఇతరుడైనచో హమ్మయ్య యని నిట్టూర్చి పడిన బాధలను మఱచియుండును. గౌజియన్ ఒక పిత్తకోశమును దెచ్చి తాను కూర్చుండు చోట వ్రేలాడగట్టించెను. కూర్చున్నను పండుకొన్నను దానినే చూచుచు, అన్నపానములు ముట్టునప్పుడెల్ల దానిని రుచి చూచుచు, క్వాయ్‌జీ కొండమీది యవమానమును మఱచితివా యని తన్ను దానే ప్రశ్నించుకొనుచుండెను. ఫూచాయ్ ప్రశ్నించుట కొక సేవకుని నియమించెను; గౌజియన్ ప్రశ్నించు పనిని తన నాలుకకే యప్పగించెను. ఈ రెంటి భేదమును మనస్సున నుంచికొనుడు.

ఈ పిత్తపు కథను మనకు భద్రపఱచినవాడు 'షీ జీ' అను మహా చరిత్రను రచించిన సిమా చియెన్. అతడును చేదు నెఱిగినవాడే. శత్రువులకు లొంగిపోయిన యొక సేనాపతి పక్షమున మాటాడినందులకు, చక్రవర్తి యాగ్రహమునకు గుఱియై, క్రీ. పూ. 98 ప్రాంతమున నపుంసకుని గావింపబడు ఘోరశిక్ష ననుభవించెను. అంతటి యవమానమునకు గుఱియైనవారు బ్రతుకుటకంటె చచ్చుట మేలని తలచు కాలమది. అతడు చావక, పూనిన గ్రంథమును ముగించుటకై బ్రతికెను. అట్టివాడు గౌజియన్‌ను గూర్చి వ్రాయునప్పుడు మెప్పుదల కనబఱచుటలో వింత లేదు.

అయితే చిత్రమేమనగా, సిమా చియెన్ గ్రంథమున పిత్తము గలదు గాని కట్టెల పడక లేదు! 'వూ యూయె చున్ చ్యూ'యందు గౌజియన్ నిద్ర వచ్చినపుడు ఘాటైన మొక్కతో కన్నులు మండించుకొనెననియు, చలికాలమున మంచును, వేసవిలో నిప్పును బట్టుకొనెననియు నున్నది. అందును కట్టెల ప్రసక్తి లేదు. మఱి కట్టెలెక్కడివి? సుమారు పదునైదు శతాబ్దములకు పిమ్మట, సుంగ్ వంశ కాలమున, 1037 మొదలు 1101 వఱకు జీవించిన సూ షీ అను మహాకవి ఈ నాలుగు మాటలను జంటగా వాడెను. మూడవ శతాబ్దిలోని సున్ చ్వాన్ అను రాజు త్సావ్ త్సావ్ అను ప్రతిపక్షికి వ్రాసినట్లుగా సూ షీ కల్పించిన యుత్తరములో నవి కనబడును. గౌజియన్ మాట యచట లేనే లేదు. కవి వాడిన పలుకుబడి క్రమముగా జనుల నోళ్లలో నాని, అందలి పిత్తము గౌజియన్‌ది గనుక కట్టెలును అతనివే యని లోకము నిశ్చయించినది.

లోకము నిశ్చయించుట యన్నాను గాని, అందులోను భేదాభిప్రాయము గలదు. సుంగ్ యుగాంతమున వెలసి, పిల్లల పాఠ్య గ్రంథముగా జపానులో సైతము మిక్కిలి వ్యాపించిన 'పదునెనిమిది చరిత్రల సంగ్రహము' అను పొత్తము కట్టెలను గౌజియన్‌కు గాక ఫూచాయ్‌కు ఇచ్చినది. తండ్రి పగ దీర్చుకొనుటకై కట్టెలలో బరుండినవాడు ఫూచాయ్. కొండమీది యవమానమును దలచి పిత్తము చవిచూచినవాడు గౌజియన్. ఈ లెక్కను నానుడిలోని మొదటి సగము ఒక శత్రువుది, రెండవ సగము అతని శత్రువుది! ఒకరినొకరు చంపదలచిన యిరువురు రాజులును నాలుగక్షరములలో నొక్క పడకపై జేరిరి. చరిత్రకారు డిది కల్పన యనును. కాని కల్పనకు గూడ నొక బుద్ధి యుండును. ఆ బుద్ధి యేమో తెలియవలెనన్న కథను తుదివఱకు వినవలెను.

గౌజియన్ పిత్తము నాకుచు నూరక కూర్చుండలేదు. తాను స్వయముగా దున్నెను. రాణి స్వయముగా నేత నేసెను. దేశమున జనబలము తగ్గినది గనుక దానిని పెంచుట కేర్పాటులు గావించెను. వృద్ధులు పడుచులను బెండ్లాడరాదు. పదునేడేండ్లకు కన్యకును, ఇరువదేండ్లకు పురుషునకును వివాహము చేయనిచో తల్లిదండ్రులు శిక్షార్హులు. మగబిడ్డ పుట్టిన యింటికి రెండు కుండల సారాయము, ఒక కుక్క. ఆడుబిడ్డ పుట్టిన యింటికి రెండు కుండల సారాయము, ఒక పందిపిల్ల కానుక. ఒకే కాన్పున మువ్వురు పుట్టినచో పాలిచ్చు దాదిని రాజే పంపును. ఇవి యన్నియు 'గ్వో యూ'లో వ్రాయబడి యున్నవి. పది యేండ్లు జనమును పెంచుటకు, పది యేండ్లు వారికి శిక్షణ మిచ్చుటకు. చేదు నాలుకపై నుండెను గాని పని చేతులలో నుండెను. ఈ నానుడిని మెచ్చుకొనువారు పలువురు ఈ భాగమును విడిచిపెట్టి పిత్తమును మాత్రమే జ్ఞప్తి యుంచుకొందురు. పనిలేని చేదు వట్టి దుఃఖము.

అటు ఫూచాయ్ సంగతి యేమైనది? గెలిచిన నాటినుండియు ప్రాంగణములోని ప్రశ్న యాగిపోయినది. పగ తీఱినది గనుక దాని యవసర మతనికి గనబడలేదు. ఉత్తర దేశముల రాజులకెల్ల నధిపతి గావలెనను కోరిక పుట్టినది. వలదన్న వూ జిషుకు క్రీ. పూ. 484లో ఖడ్గము పంపి ఆత్మహత్య చేసికొనునట్లు శాసించెను. రెండేండ్లకు, 482లో, ఫూచాయ్ ఉత్తమ సేనలతో ఉత్తరమున రాజుల సభలో నుండగా గౌజియన్ అతని దేశముపై బడి యువరాజును బట్టుకొనెను. తుదకు క్రీ. పూ. 473లో వూ రాజ్యము నశించెను. ఇప్పుడు ఫూచాయ్ శరణు వేడవలసిన వాడయ్యెను. నూఱు కుటుంబముల చిన్న గ్రామమున బ్రతుకుమని గౌజియన్ చెప్పి పంపగా, అది తనకు దగదని ఫూచాయ్ ప్రాణములు విడిచెను. పరలోకమున వూ జిషు మొగము చూడలేనని తన మొగమును గప్పుకొని మరణించెనట. ఒకనాడు మఱువలేదు, మఱువలేదని ప్రతిదినము పలికిన నోరది.

చాలమంది యిచ్చటనే కథను ముగింతురు. ధర్మము గెలిచెననియు, ఓర్చినవాడు ఏలెననియు చెప్పి లేచిపోవుదురు. కాని సిమా చియెన్ ముగింపలేదు. విజయోత్సవములు జరుగుచుండగనే ఫాన్ లీ రాజ్యము విడిచి వెళ్లిపోయెను. ఈ రాజు కష్టములలో తోడుండదగినవాడే గాని సుఖములలో తోడుండదగినవాడు కాడనియు, వేట ముగిసిన పిదప వేటకుక్కకు బట్టు గతి మనకును బట్టుననియు వెన్ జోంగ్‌కు ఉత్తరము వ్రాసెను. వెన్ జోంగ్ జబ్బని చెప్పి సభకు బోవుట మానెను గాని దేశము విడువలేదు. ఎవరో అతనిపై రాజద్రోహము మోపిరి. గౌజియన్ అతనికొక ఖడ్గమును బంపెను. శత్రువును జయించుటకు ఏడుపాయములు చెప్పితివి, మూటితోనే పని ముగిసినది, మిగిలిన నాలుగును పరలోకమున నున్న మా తండ్రికడ ప్రయోగింపు మను నర్థము వచ్చునట్లు సందేశ మంపెను. క్వాయ్‌జీ కొండపై రాజు ప్రాణమును గాపాడిన రాయబారి యా ఖడ్గముతోనే మరణించెను.

సోదరులారా, ఇప్పుడు రెండు శత్రువులను పక్కపక్కన నిలిపి చూడుడు. ఫూచాయ్ గెలిచిన వెంటనే మఱచెను. మఱచి రాజ్యమును బోగొట్టుకొనెను. గౌజియన్ గెలిచిన తరువాతను మఱువలేకపోయెను. ఇరువదియేండ్లు చేదు మరిగిన నాలుకకు తీపి తెలియలేదు. అనుమానము, జాగరూకత, పగ యతనికి శ్వాసవలె నలవాటైనవి. శత్రువు లేనప్పుడు మిత్రునిలో శత్రువును గనెను. ఒకడు మఱపువలన జెడెను. ఒకడు మఱువలేక తనవారిని జెఱచెను. ఇద్దఱి వ్రతములను నొక్క నానుడిలో ముడివేసిన యా యజ్ఞాత లోకము, తెలిసియో తెలియకయో గొప్ప నిజమును జెప్పినది.

ఇంకొక చేదును గూడ దాచరాదు. 'వూ యూయె చున్ చ్యూ' కథనము ప్రకారము యూయెవారు వూ దేశమునుండి ధాన్యము బదులు దెచ్చుకొని, మఱుసటి యేడు మంచి గింజలను ఆవిరిపై నుడికించి తిరిగి యిచ్చిరి. గింజల సొగసు చూచి వూ రైతులు వానినే విత్తుగా జల్లిరి. ఒక్కటియు మొలవలేదు. దేశము కఱవున బడెను. తండ్రి పగయో, కొండమీది యవమానమో యెఱుగని కాపుబిడ్డలు ఆకలితో మాడిరి. రాజులు పిత్తమును కోరి రుచి చూచిరి. ప్రజల నోట నది కోరకయే పడెను.

ఈ నానుడి చీనా యెల్లలు దాటి జపానుకును బోయినది. అచట దీని యుచ్చారణము 'గాషిన్ షోతాన్'. 1895లో జపాను చీనాను యుద్ధమున నోడించి లియావ్‌తుంగ్ ద్వీపకల్పమును సంధివలన బొందగా, రష్యా, జర్మనీ, ఫ్రాన్సు దేశములు మూడును గలిసి దానిని వదలుకొమ్మని యొత్తిడి చేసెను. జపాను లొంగవలసి వచ్చెను. అప్పుడా దేశమంతట మాఱుమ్రోగిన నినాద మిదియే. చీనానుండి గెలుచుకొన్న భూమి పోయినదను దుఃఖమున చీనా నానుడినే పలుకుట చరిత్రలోని విచిత్రములలో నొకటి. పదియేండ్లలోపల, 1904లో, రష్యాతో యుద్ధము వచ్చెను. తరువాత చీనావారును జపాను చేతిలో బడిన యవమానములకు ఇదే గౌజియన్ కథను దమలో దాము చెప్పుకొనిరి. 1961లో త్సావ్ యూ అను ప్రసిద్ధ నాటకకర్త సహ రచయితలతో గూడి ఇదే కథను నాటకముగా మలచెను. ఒకే గిన్నెలోని చేదును ఇరువురు శత్రువులు మఱల మఱల ద్రావిరి.

1965లో చీనాలోని హూబే రాష్ట్రమున, ప్రాచీన చూ రాజ్యపు సమాధి నొకదానిని త్రవ్వుచుండగా నొక కంచు ఖడ్గము దొరకినది. రెండు వేల యేండ్లకు పైగా భూమిలో నున్నను దాని యంచు వాడి చెడలేదు. పక్షుల యాకృతిని వ్రాసిన యెనిమిది యక్షరములు దానిపై గలవు. అది యూయె రాజైన గౌజియన్ స్వంత ఖడ్గమని యవి చాటుచున్నవి. నేడది వూహాన్ నగరపు ప్రదర్శనశాలలో నున్నది. పిత్తకోశ మెప్పుడో కుళ్లిపోయినది. కట్టెలు కాలిపోయినవో, అసలు లేనేలేవో. మిగిలినది ఖడ్గము. అదియు తన రాజ్యమున గాక పరరాజ్యమువాని సమాధిలో మిగిలినది.

అట్లని నానుడిని త్రోసివేయవలెనని నా యభిప్రాయము గాదు. పరీక్షలో దప్పిన విద్యార్థికిని, వ్యాపారమున దెబ్బతిన్న గృహస్థునకును, పరపాలనమున నలిగిన జాతికిని, పడిన కష్టమును మఱవకుండుట బలమే. సుఖము రాగానే పాత పాఠమును బాఱవేయువాడు ఫూచాయ్ దారిని బోవును. కాని చేదునకు గూడ నొక కొలత యుండవలెను. మన తెలుగువారు ఉగాదినాడు వేపపువ్వును దినెడివారు. దాని ప్రక్కనే క్రొత్త బెల్లమును, చింతపులుసును, మామిడి ముక్కను నుంచిరి. చేదును మానలేదు, చేదునొక్కదానినే యుంచలేదు. గౌజియన్ భవనమున వ్రేలాడినది పిత్తకోశ మొక్కటియే. దానికి బెల్లపు ముక్క నొకదానిని జేర్చియుండినచో, వెన్ జోంగ్ వంటి వృద్ధ మిత్రునకు ఖడ్గము గాక కృతజ్ఞత లభించియుండెడిది.

కావున కష్టమును జ్ఞప్తి యుంచుకొనుడు. పని ముగియువఱకు జ్ఞప్తి యుంచుకొనుడు. పని ముగిసిననాడు పిత్తకోశమును దించివేయు ధైర్యమును గూడ అలవఱచుకొనుడు. వ్రేలాడగట్టుట కెంత దార్ఢ్యము గావలెనో, దించుట కంతకంటె నెక్కువ గావలెను. సెలవు.